చీనీ చెట్టు ఎత్తు

"నేను కథలూ నవలలూ చదవను. రాస్తాను, అంతే" అని ఆయన మైకు ముందు అన్నప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చేతుల మీద నాకే కోపం వస్తుంది.

అనంతపురంలో ఆయన మొదటి నవల ఆవిష్కరణ సభ అది. ఆయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నవల కరువు గురించి. వేదిక మీద ఉన్న పెద్దమనిషి ఒకరు, జీవితాన్నే చదివినవాడికి ఇంక పుస్తకాలతో పనేముందని పొగిడారు. దానికి ఇంకా గట్టిగా చప్పట్లు పడ్డాయి. తర్వాత రచయిత మూడో వరుసలో ఉన్న నావైపు చెయ్యి చూపించి, "ఈ నవలకి ముడిసరుకు ఇప్పించిన మేడమ్" అని పరిచయం చేశారు. ముడిసరుకు! ఆ మాటకి కూడా నేను లేచి, చుట్టూ తిరిగి నమస్కారం పెట్టాను. ఒకాయన లేచి ముగింపు అతకలేదంటే, ఇది కల్పన కాదు, జరిగిందని రచయిత అన్నప్పుడూ తలూపాను. అప్పటికి నవల నేను చదవలేదు.

నేను గార్లదిన్నె దగ్గర ఒక చిన్న లైబ్రరీ చూసుకుంటాను. రెండు గదులు. ముందు గదిలో పోటీ పరీక్షలకి చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. పేపర్లూ గైడ్లూ తప్ప వాళ్ళకి ఇంకేమీ అక్కర్లేదు, వాళ్ళని తప్పుపట్టను. వెనక గదిలో బీరువాల నిండా కథలూ నవలలూ. ఆ గదిలోకి వచ్చేది నేనూ, పొద్దున ఊడ్చే ఆమే. నేనూ అప్పుడప్పుడూ కథలు రాస్తాను, ఆదివారం పేపర్లలో కొన్ని వచ్చాయి. అందుకే, సభకి ఏడాది ముందు ఆయన కారు దిగి లోపలికి వచ్చి "నేను రచయితని" అనగానే నా ప్రాణం లేచొచ్చింది. ఆ గుమ్మంలోకి ఒక రచయిత తనంతట తాను రావడం అదే మొదటిసారి.

"కరువు మీద పెద్ద నవల రాస్తున్నాను మేడమ్. నిజంగా దెబ్బతిన్నవాళ్ళు కావాలి నాకు. మీకు ఊళ్ళు తెలుసు కదా" అన్నారు.

నేను ఆయన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళాను. ఈ నేల మీద పుట్టినవాళ్ళు ఇక్కడి వానల గురించీ, రాని వానల గురించీ రాసిన పుస్తకాలు ఐదారు తీసి, పైట చెంగుతో దుమ్ము తుడిచి బల్ల మీద పెట్టాను. ఆయన ఒకటి తీసి అట్ట చూసి, వెనక్కి తిప్పి చూసి, పెట్టేశారు.

"వద్దు మేడమ్. ఇంకొకరి ప్రభావం నా మీద పడకూడదు. నా శైలి పాడవుతుంది."

ఇంకా ఒక్క పేజీ రాయని మనిషికి శైలి ఎలా పాడవుతుందో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని అడగాలి. అడగలేదు. కారులో వచ్చినవాళ్ళని అడిగే అలవాటు మాకు లేదు. పుస్తకాలు మళ్ళీ బీరువాలో పెట్టేసి, మరుసటి ఆదివారం ఆయన్ని శింగనమల దగ్గరున్న మా అమ్మమ్మ ఊరికి తీసుకెళ్ళాను.

అక్కడ నాకు అక్క వరస అయ్యే ఒకామె ఉంది. నాకంటే పదేళ్ళు పెద్దది. ఆమెకూ ఆమె భర్తకూ చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. బోరు ఎండిపోతే ఒక వేసవి ట్యాంకర్లతో తడిపారు. రెండో వేసవికి ఆ ఓపిక కూడా అయిపోయింది. కాయలు నిమ్మకాయలంత ఉండగానే రాలిపోయాయి, ఆకులు ముడుచుకున్నాయి, చివరికి చెట్లు కొట్టేశారు. తర్వాత ఆమె భర్త బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా వెళ్ళాడు. ఆమె ఊళ్ళోనే ఉండి నాలుగు గొర్రెలు పెట్టుకుని, కూలికి పోతోంది.

ఆయన ఫోను రికార్డింగులో పెట్టి మంచం మీద కూర్చున్నారు. అక్క గడప మీద కూర్చుని కందులు చెరుగుతూ చెప్పింది.

"మిషన్ రంపం ఆయప్ప తొమ్మిదికి వస్తానన్నాడు. నేను అంతకంటే ముందే గొడ్డలి తీసుకోని పోయినా సార్. మోటారు షెడ్డు కాడ ఒక చెట్టుండేది. తోటకంతా తియ్యని కాయ అది. ముందర దాన్ని నరికినా."

"అదేంటమ్మా? దాన్ని చివరికి ఉంచుకోవాలనిపించదా?" అన్నారాయన.

"కడాకు పెట్టుకుంటే నా చేత అవుతాదా సార్? అది నిలబడుకోనుంటే మిగతావి యాడ నరకనిస్తాది. అందుకే ముందర దాని పని చూసేసినా."

నేను ఆయన వైపు చూశాను. ఆయన ఫోను వైపు చూసుకుంటున్నారు.

"మీ ఆయన ఏం చేశాడమ్మా ఆ రోజు?"

"యాడ ఉండాడు? గడ్డం గీయించుకోనొస్తానని శింగనమలకి పాయ. సాయంత్రం అన్నీ కొట్టేసినాక, నున్నంగా గీయించుకోని, పౌడరు పూసుకోని వచ్చినాడు. ఆ పొద్దు నుంచి ఇంతవరకూ ఆ మాట ఆయప్పను నేనడగలేదు, నాకు ఆయప్ప చెప్పలేదు."

"మీరు బాగా ఏడ్చుంటారు."

అక్క చేట కింద పెట్టింది. "ఏడుపు రాలేదు సార్. నవ్వొచ్చింది. చెట్లు పడతాండాయని యాడ తెలిసిందో ఏమో, ఊర్లో మేకలన్నీ పెండ్లికి వచ్చినట్ల వచ్చినాయి. పడిన చెట్టు పడినట్లే ఆకు తింటాండాయి. ఒక మేకపోతైతే నరకతాండే చెట్టు కిందికే వచ్చి నిలబడె. నువ్వన్నా కడుపు నింపుకో సామీ అని నవ్వినా. రంపం ఆయప్ప నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు." ఆ తర్వాత ఆమె మాకు సంగటి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. ఆయన సంగటి ఫొటో తీసుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను ఉండబట్టలేక, "ఆ మేకల ముక్క ఎంత బాగుందో కదా సార్" అన్నాను. "అది పనికిరాదు మేడమ్. నవ్విందంటే పాఠకులకి జాలి పోతుంది" అన్నారు. "గడ్డం గీయించుకోవడానికి పోయాడంటే అసలు ఎవరూ నమ్మరు." అప్పుడూ నేను కిటికీలోంచి బయటకి చూస్తూ ఊరుకున్నాను.

సభ అయిన మరుసటి రోజు నవల తెరిచాను. ముందుమాటలోనే "ఇందులో ప్రతి అక్షరమూ నిజం, నేను కళ్ళారా చూసింది" అని ఉంది. అక్క ఊరి పేరుకి ఒక అక్షరం మార్చారు. ఇంటి ముందు బండా, మోటారు షెడ్డూ, గొర్రెలూ అన్నీ ఉన్నాయి. ఆ ఊరివాళ్ళు ఎవరు చదివినా ఇది ఎవరిల్లో ఇట్టే చెప్పేస్తారు. నవలలో ఆమె ఒక్కొక్క చెట్టునీ కౌగిలించుకుని నాలుగు పేజీలు ఏడుస్తుంది. మేకలు లేవు. గొడ్డలి లేదు. మిషన్ రంపం చప్పుడుకి ఆమె మూర్ఛపోతుంది. ఆఖరి అధ్యాయంలో భర్త, కొట్టకుండా వదిలేసిన అన్నిటికంటే పెద్ద చీనీ చెట్టుకి ఉరేసుకుని చచ్చిపోతాడు.

పుస్తకం విసిరికొట్టాను. ముందు గదిలో చదువుకునే పిల్లలు తలలెత్తి చూశారు.

నేను అక్కకి చెప్పేలోపే ఆమెకి తెలిసిపోయింది. ఆయనే ఉదారంగా ఊరి బడికి పది పుస్తకాలు పంపారట. అక్క చెల్లెలి కూతురు డిగ్రీ చదువుతోంది, ఆ పిల్ల చదివి వచ్చి ఏడ్చిందట. ఊళ్ళో ఒకరిద్దరు నవ్వారు. ఇంకెవరో బెంగుళూరికి ఫోను చేసి ఆమె భర్తకే చెప్పేశారు. నాలుగు రోజులకి అక్క బస్సెక్కి లైబ్రరీకి వచ్చింది. చేతిలో నవల. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏం పాపా, నువ్వు ఇంటికి పిలుచుకోనొస్తే సంగటి తినిపోయిన మనిషి నా మొగుణ్ణి యాల సంపినాడు?"

నేను ఆమె చేతిలోంచి నవల తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టాను.

"ఆయప్ప ఫోన్ చేసి ఏమన్నాడో తెలుసునా? ఏమే, నేను సచ్చిపోయినానంట, అదీ చీనీ చెట్టుకు ఉరేసుకోని. చీనీ చెట్టు ఎత్తెంత? కింది కొమ్మలు నడుముకు తగులుతాయి, పై కొమ్మలు పుల్లలు. లోపలికి దూరాలంటే ఒళ్ళంతా ముండ్లు గీసుకుంటాయి. కాళ్ళు ముడుచుకోని యాలాడల్లనా నేను అని అడగతాండాడు. నవ్వతానే అడిగినాడు లే. ఫోన్ పెట్టినాక మాత్రం రెండు దినాలు మాట్లాడలేదు."

అనంతపురం వెళ్ళి ఆయన్నే అడుగుదామన్నాను. ఆ రోజే వెళ్ళాం.

ఆయన మర్యాదగానే కూర్చోబెట్టారు. కాఫీ ఇప్పించారు. అక్క కాఫీ ముట్టుకోలేదు.

"సార్, నా మొగుడు బతికే ఉండాడు" అంది.

"తెలుసమ్మా. ఇది నవల. నవలంటే కల్పన. మీ గురించి కాదు."

"ముందర పేజీలో అంతా నిజమని రాసినారు కదా?"

"అది... ఇక్కడి రైతుల కష్టం నిజమని అర్థం."

నాకు అప్పుడు నోరు పెగిలింది. "సార్, మొన్న సభలో ఒకాయన ముగింపు అతకలేదంటే, ఇది కల్పన కాదు, జరిగింది అన్నారు మీరు. ఇప్పుడీమె జరగలేదంటే కల్పన అంటున్నారు. ఏదో ఒకటి చెప్పండి."

"మేడమ్, మీరు కూడా రాస్తారు కదా, మీకు తెలియాలి. భర్త బతికుంటే నవలకి ముగింపెక్కడుంది? వాచ్‌మన్ ఉద్యోగానికి పోయాడని ముగిస్తే ఎవరు కదిలిపోతారు?"

"నేను కదిలిపోయినా సార్. ఆయప్ప సంచి తీసుకోని బస్సెక్కిన పొద్దు నేను కదిలిపోయినా. మీరు అడగలేదు, నేను చెప్పలేదు" అంది అక్క. లేచి నిలబడింది. "సరే, కథంటారు. కథైనా, చీనీ చెట్టుకు మనిషి యాలాడతాడా లేదా అని చూసుకోవద్దా? తోటలో కూర్చోనుంటే నాలుగు దినాల్లో తెలుస్తాది."

ఆయన నవ్వారు. చిన్నపిల్లలు ఏదో అడిగితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "పాఠకులు ఇంత లోతుగా చూడరమ్మా" అన్నారు.

నా కోపమంతా ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. పాఠకుడు ఏం చూస్తాడో ఈయనకెలా తెలుసు? ఈయన ఎప్పుడైనా పాఠకుడిగా ఉన్నాడా? ఒక కథ ముందు కూర్చుని, ఒక మాట దగ్గర ఆగి, అరే ఇది అబద్ధమని ఎప్పుడైనా అనుకున్నాడా? ఇది నిజమేనని, జరగకపోయినా నిజమేనని, ఎప్పుడైనా ఊపిరి బిగబట్టాడా? పది మంచి కథలు చదివినవాడెవడైనా, ఆ గడ్డం గీయించుకోవడం వినగానే పెన్ను పట్టుకునేవాడు. భార్య చెట్లు నరుకుతుంటే చూడలేక మంగలి కుర్చీలో కళ్ళు మూసుకున్న మనిషిని వదిలేసి, ఎక్కడో విని విని అరిగిపోయిన ఉరితాడు తెచ్చి తగిలించాడీయన. ఎవరి ప్రభావమూ పడకూడదన్నవాడి పుస్తకంలో ఉన్నదంతా ఇంకొకరిదే. టీవీలో చూసింది, ఉపన్యాసాల్లో విన్నది, ఇంకెక్కడో పేపర్లో తగిలింది. చదవనివాడికి అది ఇంకొకరిదని కూడా తెలియదు, తనకే తట్టిందనుకుంటాడు.

ఈ కోపంలో నా పాత సిగ్గు కూడా ఉంది. ఇరవై ఏళ్ళప్పుడు నేనూ ఏమీ చదవకుండానే మొదటి కథ రాశాను. మా నాయన గురించి. చెనిక్కాయ పంట పోయిన ఏడాది ఆయన ఎంత ఉదాత్తంగా నిలబడ్డాడో రాశాను. అందులో ఆయన ఎవరినీ ఒక్క మాట అనడు, ఆకాశం వైపు చూసి నిట్టూరుస్తాడు. అచ్చయిన పేపరు తెచ్చి ఆయనకి చదివి వినిపించాను. నాయన బీడీ ఆర్పి, "ఎవరప్పా ఈయన? బో మంచోడున్నట్లుండాడే" అన్నాడు.

"నువ్వే నాయనా."

"నేనా? ఆ ఏడు నేను మీ అమ్మను ఎన్ని తిట్లు తిట్టినానో మర్సిపోతివా?"

మర్చిపోలేదు. రాయకూడదనుకున్నాను. అది కథలో పట్టదనుకున్నాను. పట్టే కథలు ఎలా ఉంటాయో నేనెప్పుడూ చూడలేదు మరి. ఆ తర్వాత మూడేళ్ళు నేనేమీ రాయలేదు. అనంతపురం లైబ్రరీలో కూర్చుని చదివాను. భార్యని తిట్టే నాయనలు, పిల్లల్ని కొట్టి తర్వాత బెల్లం ముక్క పెట్టే అమ్మలు, పుట్టని మనుషులు, లేని ఊళ్ళు. ఒక్కొక్కరు మా వీధిలో మనుషులకంటే ఎక్కువ తెలిసిపోయారు నాకు. అప్పుడుగాని మా నాయన ఎవరో నాకు కనబడలేదు.

ఆయనింటి నుంచి వచ్చిన మరుసటి వారం అక్క మళ్ళీ లైబ్రరీకి వచ్చింది. ఈసారి కూర్చుంది. ఆమె నాలుగో తరగతి దాకా చదివింది, కూడబలుక్కుని చదవగలదు.

"కథలన్నీ ఆయన రాసినట్లే ఉంటాయా పాపా? నువ్వు బీరువాల నిండా ఇవే పెట్టుకున్యావు కదా."

వెనక గదిలోకి తీసుకెళ్ళి ఒక పాత కథ చదివి వినిపించాను. సముద్రం ఒడ్డున ఒక ముసలి జాలరి తన పడవ అమ్మేస్తాడు. కొన్నవాడు పడవని నీళ్ళలోకి తోస్తుంటే, ముసలివాడు వాడి పక్కనే నడుస్తూ ఎడమ పక్క చెక్క జాగ్రత్త, అక్కడ నీరు కారుతుందని చెబుతూనే ఉంటాడు. నడుము లోతు నీళ్ళు వచ్చాక పడవ తనది కాదని గుర్తొచ్చి గట్టిగా నవ్వేస్తాడు. అంతే కథ.

అక్క పుస్తకం తన వైపు తిప్పుకుని ఆ పేజీ చూసింది. ఆమె సముద్రం ఎప్పుడూ చూడలేదు.

"ఇది జరిగిందా?"

"తెలీదక్కా. జరక్కపోవచ్చు. కల్పించి రాసిందే."

"కల్పించినాడా? మరి అట్లాంటప్పుడు నవ్వొస్తాదని యట్ల తెలిసె ఆ రాసినాయప్పకు?" అని పైటతో కళ్ళు తుడుచుకుంది. చెట్లు పడిన రోజు రాని ఏడుపు ఆ చిన్న గదిలో వచ్చింది. నేను ఫ్యాను వేసి, బయటికి వచ్చి, పరీక్షల పిల్లల్ని అరవకండని ఊరికే కసిరాను. వాళ్ళు అరవడం లేదు.

నవల రెండో ముద్రణకి వెళ్ళింది. ముందుమాట మారలేదు. భర్త చావూ మారలేదు. ఊరి బడిలో పది పుస్తకాలూ అలాగే ఉన్నాయి. ఆమె భర్త దసరాకి వచ్చి, బడికి వెళ్ళి ఒక పుస్తకం అడిగి తీసుకుని, మంచం మీద పడుకుని తన చావు తానే చదువుకున్నాడట. చదివాక, "నేను ఇంత మంచిగా మాట్లాడతానా?" అని ఒక్క మాట అన్నాడట. తర్వాత, ఎన్నో ఏళ్ళుగా ఇద్దరూ ఎత్తని సంగతి తనే ఎత్తాడట. ఆ రోజు మంగలి షాపులో రద్దీ ఏమీ లేదని, గడ్డం గీయడం ఐదు నిమిషాల్లో అయిపోయిందని, సాయంత్రం దాకా బస్టాండులో కూర్చున్నానని చెప్పాడట. అక్క నాకిది చెప్పి, "ఇది రాసుకో పాపా" అంది. "మా పేర్లు రాయొద్దు. చెట్లు మాత్రం సరిగ్గా రాయి."

అందుకే రాస్తున్నాను.

పోయినేడాది ఎండలు మొదలయ్యే ముందు ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది. జరిగిందంతా మర్చిపోయినట్టు ఎంతో ఆత్మీయంగా మాట్లాడారు. ఈసారి గొర్రెల కాపరుల మీద రాస్తున్నారట. "బెళుగుప్ప వైపు మీకు ఎవరైనా తెలుసా మేడమ్? ఒక్క పూట చాలు."

"తెలుసు సార్. తీసుకెళ్తాను" అన్నాను. "కాకపోతే ముందు మా లైబ్రరీకి రండి. పది పుస్తకాలు తీసి పెడతాను. అవి చదివాక వెళ్దాం. ఒక్క పూట కాదు, పది రోజులు ఉందాం, గొర్రెల వెంట నడుద్దాం."

"నాకు పాఠాలు చెబుతున్నారా మీరు?"

"చెబుతున్నాను సార్. మొదటి రోజే చెప్పాల్సింది, భయపడి చెప్పలేదు. మీరు చదవకుండా రాసి ఒక మనిషిని చంపేశారు. ఇంకొక ఇంటికి మిమ్మల్ని నేను తీసుకెళ్ళను."

ఫోను పెట్టేశారు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో పైస్థాయి మనిషితో అలా మాట్లాడటం అదే మొదలు. ఆ పూటంతా ఏ పనీ చెయ్యలేకపోయాను.

ఆయనకి ఇంకెవరో దొరికారు. దొరుకుతారు, ఈ జిల్లాలో కష్టానికీ కొరత లేదు, చూపించేవాళ్ళకీ కొరత లేదు. ఆ పుస్తకం కూడా వచ్చేసింది. ఒక కాపీ లైబ్రరీకి పోస్టులో వచ్చింది. అట్ట మీద గొర్రెలు, ఎర్రటి సూర్యుడు. వారం నుంచి నా బల్ల మీదే ఉంది. అందులో ఏ కాపరి ఎలా చచ్చిపోయాడో ఊహించుకోగలను, తిట్లు కూడా సిద్ధంగా ఉన్నాయి. అయినా రేపు దాన్ని తెరిచి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాను. చదవకుండా మాట్లాడటం ఆయన పద్ధతి. నాది కాదు.